ఇంటి మీద డ్రోను : ఆకాశానికి గట్టు ఎక్కడ?

నెల్లూరు : ఇంటికి గోడ వుంటుంది. పొలానికి గట్టు వుంటుంది. రొయ్యల గుంటకు కట్ట వుంటుంది. పరాయివాడు వాటిని దాటి లోపలికి వస్తే నిలదీయవచ్చు, పంచాయతీ పెట్టవచ్చు, పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చు. కాని గోడ దూకకుండా, గట్టు తొక్కకుండా, తుమ్మెదలా రొద చేస్తూ పైనుంచి వచ్చి, కళ్లు తెరిచి చూసి వెళ్లే డ్రోనును ఏ హద్దు చూపి ఆపాలి? ఈ ప్రశ్న నెల్లూరు జిల్లా సముద్రతీరాన వున్న వారికి ఇప్పుడు కొత్తది కాదు. దానికి జవాబు మాత్రం ఇంకా పూర్తిగా దొరకలేదు.

ఇందుకూరుపేట మండలంలోని మైపాడు, తోటపల్లిగూడూరు మండలంలోని కోడూరు, విడవలూరు మండలంలోని రామతీర్థం తీరాలకు సెలవు రోజుల్లో జనం బాగా వస్తారు. పెళ్లికి ముందే వధూవరులను సముద్రం ఒడ్డున నిలబెట్టి వీడియో తీయించుకోవడం ఆనవాయితీగా మారింది. ఒకప్పుడు పెళ్లి ఫొటోలకు కెమెరాతోబాటు దీపం పట్టుకునే కుర్రవాడు వస్తే చాలు. ఇప్పుడు డ్రోను లేకపోతే ఆల్బమే లేదన్నట్లుగా వున్నది. సరదాకు కొని ఎగరవేసే యువకులూ తక్కువేమీ కాదు. తప్పు డ్రోనుది కాదు. ఒడ్డున లేచిన డ్రోను ఒడ్డునే వుండదు. గాలివాటున రెండు నిమిషాలు పోనిస్తే సరుగుడు తోపు దాటి పాలెం మీదికి వస్తుంది. చిక్కంతా అక్కడే వున్నది.

పైకప్పు లేని మరుగు

తీరం వెంట వున్న పట్టపుపాలేలలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వుంటాయి. పక్కా ఇళ్లు వచ్చినా, చాలాచోట్ల స్నానానికి పెరటిలో తాటాకు దడే గతి. నాలుగు వైపులా ఆకు కట్టి, పైన ఖాళీగా వదిలేస్తారు. తరతరాలుగా ఆ మరుగు సరిపోయింది. ఎందుకంటే పైనుంచి చూసేది కాకులూ, కొబ్బరిచెట్టూ మాత్రమే. దడి కట్టిన మనిషి పక్కింటివారిని దృష్టిలో పెట్టుకుని కట్టాడు గాని ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టలేదు.

వేట నుంచి పడవలు తిరిగివచ్చే వేళ మగవారు ఒడ్డున వుంటారు, ఆడవారు ఇళ్ల దగ్గర వుంటారు. చేపలు ఎండబెట్టేది ఇసుకలోనే, బిడ్డకు పాలిచ్చేది పంచలోనే, వేసవిలో పడుకునేది ఆరుబయటే. పట్నంలో మేడ కట్టుకున్నవారికి డ్రోను వస్తే కిటికీ తలుపు మూసుకుంటే సరిపోతుంది. పాలెంలో బతుకే సగం ఆరుబయట గడుస్తుంది కాబట్టి మూసుకోవడానికి తలుపు లేదు. అందువల్ల డ్రోను సమస్య డబ్బున్నవారి తోట బంగళాల సమస్య అనుకోవడం పొరపాటు. కప్పు లేనివారికే దానివల్ల ఎక్కువ బాధ.

ఈ పాలేలలో కులపెద్దలైన కాపుల మాటకు విలువ ఎక్కువ. ఫలానా పని చేయరాదని ‘దురాయి’ వేస్తే దాటేవారు అరుదు. దురాయి మంచిచెడ్డల మాట ఎలా వున్నా అది పాలెం లోపలివారికే చెల్లుతుంది. నెల్లూరు నుంచో, మద్రాసు నుంచో కారులో వచ్చి, తోపు అవతల నిలబడి మీట నొక్కే మనిషికి దురాయి ఏమిటో తెలియదు. అతడికి వర్తించేది దేశపు చట్టమే. మరి ఆ చట్టం ఏమంటున్నది?

పట్టాలో విస్తీర్ణమే, ఎత్తు లేదు

పట్టాదారు పాసు పుస్తకంలో సర్వే నెంబరు వుంటుంది, ఎకరాలు, సెంట్లు వుంటాయి. ఎత్తు వుండదు. భూమి ఎవరిదో దాని కింద పాతాళమూ, పైన ఆకాశమూ వారివే అన్నది పాతకాలపు న్యాయసూత్రం. విమానాలు వచ్చిన తరువాత ఆ సూత్రం నిలబడలేదు. ప్రతి పొలం యజమాని దగ్గరా సెలవు తీసుకుని విమానం ఎగరాలంటే అది మద్రాసు నుంచి ఢిల్లీకి చేరదు గదా!

మన దేశంలో 1934 నాటి విమానాల చట్టం 17వ సెక్షన్‌లో ఈ సంగతి తేల్చారు. గాలి, వాతావరణం మొదలైన పరిస్థితులనుబట్టి సబబైన ఎత్తులో ఎగిరినంత మాత్రాన ఆస్తిలోకి చొరబడ్డారని గాని, ఇబ్బంది కలిగించారని గాని సివిలు దావా వేయడానికి వీలులేదని అందులో వున్నది. తొంభై ఏళ్లు అమలులో వున్న ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన అధినియమం వచ్చింది. ఇంటి పైన ఇన్ని అడుగుల దాకా యజమానిదే అని కొత్త చట్టం కూడా గీత గీయలేదు.

ఇతర దేశాలలో ఈ తగవు ఎప్పుడో కోర్టుకెక్కింది. అమెరికాలో కాస్బీ అనే రైతు కోళ్లు పెంచుకునేవాడు. యుద్ధకాలంలో పక్కనున్న విమానాశ్రయానికి సైనిక విమానాలు అతడి షెడ్ల మీదుగా 83 అడుగుల ఎత్తులో దిగేవి. ఆ మోతకు బెదిరి, గోడలకు కొట్టుకుని సుమారు 150 కోళ్లు చచ్చాయి. వ్యాపారం మూతపడింది. 1946లో అక్కడి సుప్రీంకోర్టు పాతాళం నుంచి ఆకాశం దాకా అన్న సూత్రం ఈ కాలానికి చెల్లదంటూనే, నేలను అనుభవించడానికి అవసరమైనంత ఎత్తు వరకు ఆకాశం కూడా యజమానిదేనని చెప్పి, కాస్బీ పక్షాన తీర్పు ఇచ్చింది.

ఇంగ్లండులో మరో రకం తగవు వచ్చింది. విమానం నుంచి ఇళ్ల ఫొటోలు తీసి, ఆ ఇంటివారికే అమ్మజూపే కంపెనీ మీద ఒక ప్రభువు దావా వేశాడు. 1977లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఎంతో ఎత్తున ఒక్కసారి వెళ్లి ఫొటో తీసినంత మాత్రాన చొరబాటు కాదని జడ్జి అన్నారు. అయితే ఒక మనిషి ఇంటిని పైనుంచి అదేపనిగా కనిపెట్టి చూస్తూ ఫొటోలు తీస్తే దానిని వేధింపుగా పరిగణించవచ్చని కూడా ఆయనే అన్నారు. డ్రోనులు పుట్టకముందే చెప్పిన ఆ మాట ఇవ్వాళ డ్రోనుకు సరిగ్గా అతుకుతుంది.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

డ్రోనులకు మన దేశంలో ఇప్పుడు ప్రధానమైనవి 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమాలు. వీటి ప్రకారం ఆకాశాన్ని మూడు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు, అంటే సుమారు 120 మీటర్ల వరకు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. పసుపు ప్రాంతంలో విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. ఎరుపు ప్రాంతంలో కేంద్రప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఎగరవేయరాదు. ఈ రంగుల పటం డిజిటల్ స్కై అనే కేంద్రప్రభుత్వ వేదికలో వుంటుంది. ఫోనులో ఎవరైనా చూసుకోవచ్చు.

నడిచే విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్లు మొదలు 8 కిలోమీటర్ల వరకు నేల నుంచే పసుపు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే ఆకుపచ్చ. దగదర్తి వద్ద విమానాశ్రయం కట్టి, విమానాలు దిగడం మొదలైతే చుట్టుపక్కల గ్రామాల ఆకాశం రంగు మారుతుందన్నమాట.

దక్షిణాన శ్రీహరికోట రాకెట్ కేంద్రం వున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, తీరం మాత్రం తెగకుండా అలాగే వున్నది. దేశ భద్రతకు సంబంధించిన అలాంటి చోట డ్రోను ఎగరవేయడం ఆటకాదు, అరెస్టుకు దారితీసే నేరం. కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రం పరిసరాలలో కూడా పటం చూడకుండా డ్రోను లేపడం తెలివైన పని కాదు.

ఇవి కాక, ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నయినా ఒకసారికి 96 గంటలు మించకుండా తాత్కాలిక ఎరుపు ప్రాంతంగా ప్రకటించవచ్చు. ముఖ్యుల పర్యటనలు, తిరునాళ్ల సమయంలో అక్కరకు వచ్చే అధికారం ఇదే.

నియమాలు ఇంత వివరంగా వున్నా ఒక్క లోటు వున్నది. ఎంత ఎత్తు దాటరాదో చెప్పారు. జనం నివసించే ఇంటి మీద ఎంత కిందికి రాకూడదో చెప్పలేదు. 400 అడుగుల ఎత్తున పోయే డ్రోను ఎవరి కంటా పడదు. బాధపెట్టేది తాడిచెట్టు మట్టకు దిగి, దడి మీద నిలిచే డ్రోనే. విమానాలను కాపాడే నియమం రాశారు గాని పెరటిని కాపాడే నియమం రాయలేదని దీనిబట్టి తెలుస్తుంది.

2018 ఆగస్టులో పౌర విమానయాన డైరెక్టరు జనరల్ కార్యాలయం మొదటిసారి డ్రోనులకు నిబంధనలు తెచ్చినప్పుడు, చేయకూడని పనుల జాబితాలో అనుమతి లేకుండా ప్రైవేటు ఆస్తి మీద ఎగరవేయరాదన్న మాట వున్నది. 2021 నియమాలలో అది విడిగా కనిపించదు. వ్యాపారం, ఉపాధి పెరగాలని నియమాలను సడలించే తొందరలో ఆ ఒక్క వాక్యం జారిపోయింది.

పావు కిలో కిటుకు

డ్రోనులను బరువునుబట్టి అయిదు తరగతులు చేశారు. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో. ఆపైన 25 కిలోల వరకు చిన్నవి, 150 కిలోల వరకు మధ్యరకం, 500 కిలోల వరకు పెద్దవి. నానో నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మైక్రో అయినా సరదాకే తప్ప సంపాదనకు కాకపోతే అక్కరలేదు. పెళ్లికి అద్దెకు వచ్చే మైక్రో డ్రోనుకు మాత్రం సర్టిఫికెట్ వుండాలి. అది పొందడానికి 18 ఏళ్లు నిండి, పదో తరగతి ప్యాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకోవాలి. నానోకు తప్ప మిగిలిన వాటికి ఇతరులకు జరిగే నష్టానికి బీమా వుండాలి. డ్రోనును రిజిస్టరు చేసి నెంబరు తీసుకోవడానికి రుసుము 100 రూపాయలే.

సరిగ్గా 249 గ్రాములు తూగే డ్రోనులు బజారులోకి ఎందుకు వచ్చాయో దీనిబట్టి అర్థం చేసుకోవచ్చు. పాలు కొలిచేవాడు గిన్నె అంచు చూసి కొలిచినట్లు, కంపెనీలు చట్టం అంచు చూసి తయారు చేశాయి. తల మీద పడితే జరిగే హాని బరువునుబట్టి వుంటుంది. కెమెరా చూపు బరువునుబట్టి వుండదు. పావు కిలో డ్రోనుకు కూడా మనిషి ముఖం పోల్చగలిగే కెమెరా వుంటుంది. బరువు కొలిచే చట్టం చూపును కొలవకపోవడం వల్ల, ఇళ్లలోకి తొంగిచూడటానికి అనువైన చిన్న డ్రోనుకే కట్టుబాట్లు అతి తక్కువగా వున్నాయి.

ఉండవల్లి, జన్వాడ

తెలుగునాట ఇంటి మీద డ్రోను అన్న మాట రెండుసార్లు రాష్ట్రమంతటా మారుమోగింది. 2019 ఆగస్టులో కృష్ణా వరద సమయంలో ఉండవల్లిలో నది గట్టున వున్న అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు నివాసం మీద డ్రోను ఎగిరింది. ఎవరి అనుమతితో ఎగరవేశారని తెలుగుదేశం పార్టీ వారు నిలదీశారు. వరద పరిస్థితిని చిత్రీకరించడానికే డ్రోనును వాడామని ప్రభుత్వం చెప్పింది. అప్పటి జలవనరుల మంత్రి నెల్లూరు నగర శాసనసభ్యుడు అనిల్‌కుమార్ యాదవ్ కావడంతో ఈ వివాదం జిల్లాలోనూ చర్చకు వచ్చింది.

మరుసటి ఏడు మార్చిలో తెలంగాణలో ఇంకో కేసు వచ్చింది. హైదరాబాదు శివారు జన్వాడలో ఒక ఫాంహౌసు మీద అనుమతి లేకుండా డ్రోను ఎగరవేయించారన్న ఆరోపణపై అప్పటి పార్లమెంటు సభ్యుడు రేవంత్‌రెడ్డిని పోలీసులు అరెస్టు చేశారు. అది అప్పటి మంత్రి కె.టి.రామారావుదని, నిబంధనలకు విరుద్ధంగా కట్టారని కాంగ్రెసు వారి ఆరోపణ. తనది కాదని రామారావు చెప్పారు. దాదాపు రెండు వారాలు జైలులో వున్న తరువాత రేవంత్‌రెడ్డికి హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఆయన 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 2025 మార్చిలో తెలంగాణ హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది.

రెండు సంఘటనలలోనూ రాజకీయమే పైకి వచ్చింది. ఇంటి మీది ఆకాశం ఎంతవరకు ఇంటివాడిదన్న అసలు ప్రశ్న అడుగునే వుండిపోయింది. పెద్దల ఇళ్ల మీద డ్రోను ఎగిరితే పోలీసులు, కోర్టులు, పత్రికలు కదిలాయి. పాలెంలో దడి మీద ఎగిరితే ఎవరు కదులుతారన్నదే సామాన్యుల ప్రశ్న.

చెప్పి వచ్చిన డ్రోను

డ్రోను అంటేనే జనం బెదురుతారనుకుంటే అది సరికాదు. 2020లో కేంద్రప్రభుత్వం గ్రామకంఠం ఇళ్లను కొలవడానికి స్వామిత్వ పథకాన్ని, అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం భూముల రీసర్వేను ప్రారంభించాయి. రెండింటిలోనూ డ్రోనులు ఇళ్ల మీదా, పొలాల మీదా ఎగిరాయి. అయితే స్వామిత్వలో ముందుగా గ్రామసభ పెట్టి చెప్పడం, హద్దుల వెంట సున్నం గీతలు వేయించడం పనిలో భాగం. వచ్చేది ఎవరో, ఎందుకో, ఎప్పుడో జనానికి ముందే తెలుస్తుంది. రీసర్వే కొలతల మీద తగాదాలు వచ్చాయి గాని, మా ఇంటి మీదికి డ్రోను ఎందుకు వచ్చిందన్న తగాదా పెద్దగా వినిపించలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఇదే డ్రోను మేడల మీద చిక్కుకున్నవారికి అన్నం పొట్లాలు, మందులు మోసింది. అడిగి వచ్చేదానికీ, అడగకుండా వచ్చేదానికీ వున్న తేడా ఇది.

గుంటల మీద గాలి

తీరప్రాంతంలో మరో చిక్కు కూడా వున్నది. వరిచేలకు పురుగుమందు కొట్టడానికి డ్రోనులు వస్తున్నాయి. 2023లో ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ధరలో 80 శాతం, 8 లక్షలు మించకుండా రాయితీ ఇస్తారు. కూలి కలిసివస్తుంది, మనిషి మందు పీల్చే బాధ తప్పుతుంది. మంచిదే. కాని వరిచేను పక్కనే రొయ్యల గుంట వుంటే గాలికి మందు తుంపర కట్ట దాటి నీళ్లలో పడుతుంది. పురుగును చంపే మందులలో కొన్ని రొయ్యకు మరీ ప్రమాదకరం. రొయ్య కూడా పురుగు జాతికి దగ్గరి చుట్టమే గదా! లక్షలు పెట్టి, రేయింబవళ్లు ఏరేటర్లు తిప్పి పెంచిన పంట ఒక్క పూటలో దెబ్బతినవచ్చు. ఇక్కడ డ్రోను పొరుగువాడి ఆకాశంలోకి రాకపోయినా, దాని మందు వస్తుంది. గాలి ఎటు వీస్తున్నదో చూసి, గుంట రైతుకు ముందుగా చెప్పి, గట్టు వెంట కొంత మేర వదిలి కొట్టడం తప్ప వేరే దారి లేదు.

పులికాట్ సరస్సులో, నేలపట్టులో శీతకాలం విడిది చేసే పక్షుల సంగతి కూడా చెప్పుకోవలసిందే. గూడబాతులు నేలపట్టు చెరువులోని కడపచెట్ల మీద గూళ్లు కడతాయి. గూటి మీద డ్రోను తిరిగితే గద్ద వచ్చిందని తల్లి లేచిపోతుంది. గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా డ్రోను ఎగరవేయరాదని ఫొటోలు తీసేవారు తెలుసుకోవడం మంచిది.

ఎవరికి చెప్పుకోవాలి?

ఆకాశానికి గట్టు లేకపోయినా, మనిషి మానానికి చట్టంలో గట్టు వున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఎవరూ చూడరన్న నమ్మకంతో వున్న చోట స్త్రీ స్నానం వంటివి చేస్తుండగా చూడటం, ఫొటో తీయడం నేరం. మొదటిసారి అయితే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. చోటుకు పైకప్పు వుండాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. తాటాకు దడి కూడా మరుగే. అలాంటి బొమ్మలు తీసినా, ఇతరులకు పంపినా ఐ.టి. చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. డ్రోను నియమాలను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

డ్రోను కనిపించగానే రాళ్లు రువ్వడం, వల విసరడం మంచిది కాదు. దెబ్బతిన్న డ్రోను ఎవరి తల మీదనైనా పడవచ్చు, బ్యాటరీ అంటుకుని తాటాకు ఇల్లు కాలవచ్చు. పైగా ఆస్తికి నష్టం చేశారని ఫిర్యాదుదారు మీదే కేసు తిరగబడవచ్చు. అది వచ్చిన వేళ, ఎటు వచ్చి ఎటు పోయిందన్నది గుర్తుపెట్టుకుని, వీలయితే ఫోనుతో ఫొటో తీయాలి. నడిపే మనిషి సాధారణంగా చూపుమేరలోనే వుంటాడు. నలుగురు కలిసి వెళ్లి నెంబరు చూపమని, తీసిన వీడియో చూపమని మర్యాదగానే అడగాలి. వినకపోతే 112కు ఫోను చేయాలి. నేరం తమ పరిధిలో జరగలేదని ఏ పోలీసు స్టేషనూ ఫిర్యాదును తిప్పి పంపకూడదు. ఎక్కడ ఇచ్చినా కేసు నమోదు చేసి సంబంధిత స్టేషనుకు పంపాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతున్నది.

సముద్రం ఒడ్డున సరదాకు డ్రోను ఎగరవేసేవారు కూడా చేయగలిగినది వున్నది. తోపు దాటి ఇళ్ల వైపు పోనివ్వకపోవడం, పాలెం మీదుగా తీయవలసి వస్తే ముందు పెద్దలతో ఒక మాట చెప్పడం, ఒడ్డున పనిచేసుకునేవారి ముఖాలు తీసేటప్పుడు అడగడం. వీటికి లైసెన్సు అక్కరలేదు, రుసుము లేదు.

2025 సెప్టెంబరులో కేంద్ర పౌర విమానయాన శాఖ డ్రోనులపై కొత్త బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. చట్టం ఏ రూపంలో వచ్చినా, నివాసాల మీద ఇంత ఎత్తుకు దిగరాదన్న ఒక్క వాక్యం అందులో వుండాలి. అది వచ్చేలోగా మైపాడు, కోడూరు వంటి తీరాలలో డ్రోను ఎక్కడ ఎగరవేయవచ్చో, ఎక్కడ కూడదో తెలుగులో బోర్డులు పెట్టించడం పర్యాటకశాఖకు, పంచాయతీలకు పెద్ద ఖర్చు కాదు. ఫిర్యాదుతో వచ్చే ఆడవారిని డ్రోను నెంబరేమిటని అడిగి తిప్పి పంపకుండా, వెంటనే తీరానికి మనిషిని పంపమని మెరైన్, సివిల్ పోలీసు స్టేషన్లకు ఆదేశాలు ఇవ్వడం జిల్లా అధికారుల చేతిలో పని. ఆకాశంలో గట్టు వేయడం ఎవరి తరమూ కాకపోవచ్చు. తాటాకు దడికి గోడకున్నంత విలువ ఇవ్వడం మాత్రం అధికారుల తరమే.